ఫారం వన్ గడప దగ్గర

టాంజానియాలోని దార్ ఎస్ సలాంలో మేము అద్దెకున్న భవనానికి కాపలా ఉండే ఆయన పెద్దకూతురి జీవశాస్త్రం నోటుబుక్కు ఒకటి నా దగ్గర ఉండిపోయింది. గుండ్రటి చేతిరాత, ఎర్ర పెన్నుతో గీసిన మార్జిన్లు, ప్రతి శీర్షిక కింద రెండేసి గీతలు. ఎక్కడా కొట్టివేత లేదు. పైపైన తిప్పి చూసినవాళ్లు ఈ పిల్ల తరగతిలో మొదటిదై ఉంటుందనుకుంటారు. నిదానంగా చదివితే సంగతి తెలుస్తుంది. ఒకే పేజీలో ‘ఫోటోసింథసిస్’ అన్న మాటకు మూడు చోట్ల మూడు స్పెల్లింగులు. ఒక వాక్యం సగంలో తెగిపోయి, దాని పక్కనే మరో వాక్యం నడుమ నుంచి మొదలవుతుంది. టీచరు నల్లబల్ల తుడిచేలోపు చేతికి ఎంత అందితే అంత ఎక్కించుకుంది. అది చదువు కాదు, బొమ్మ చూసి బొమ్మ గీయడం.

అప్పుడా అమ్మాయి ఫారం వన్, అంటే మన లెక్కలో ఎనిమిదో తరగతి. శనివారాలు మా వంటింటి బల్ల దగ్గర కూర్చుని చదువుకునేది. ఫోటోసింథసిస్ అంటే ఏమిటని ఇంగ్లీషులో అడిగితే నోట్సులోని మొదటి వాక్యం అప్పజెప్పి ఆగింది. ఇంకోసారి అడిగితే అదే వాక్యం మళ్లీ అప్పజెప్పింది. నాకు బజారులో, వంటింట్లో పనికొచ్చేంత స్వాహిలీ మాత్రమే వచ్చు. నిఘంటువు తీసి వెతికి ‘ఉసానిసినూరు’ అంటే ఏమిటని అడిగాను. ముందు నా ఉచ్చారణ సరిచేసింది. తరువాత చెప్పడం మొదలుపెట్టింది. వాళ్లమ్మ ఇంటి పక్కన జానెడు మడిలో మ్చిచా వేసేది. మ్చిచా అంటే మన తోటకూరే. కోళ్లు పొడుస్తున్నాయని ఒక మూల మొలకల మీద బకెట్టు బోర్లించి మరిచిపోయారట. నాలుగు రోజుల తరువాత తీసి చూస్తే మొలకలు సన్నగా సాగి, పాలిపోయి, పసుపుపచ్చగా ఉన్నాయట. ‘ఎండ లేకపోతే ఆకు తన తిండి తాను వండుకోలేదు, నీళ్లు ఎన్ని పోసినా లాభం లేదు’ అంది. ప్రైమరీలో సైన్సు స్వాహిలీలోనే చదివింది కాబట్టి ఆకుపచ్చ పదార్థం గురించి, ఆకు పీల్చుకునే గాలి గురించి కూడా చెప్పింది. చెబుతూ చెబుతూ బల్ల మీదున్న నిమ్మకాయను సూర్యుణ్ని చేసింది.

ఆ పిల్లకు విషయం తెలుసు. ఆమె బడికి మాత్రం ఆమెకు తెలుసన్న సంగతి తెలియదు.

నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు మీడియంలో చదివాను. మా సైన్సు మాస్టారు ‘కిరణజన్య సంయోగక్రియ’ అన్న మాటను ముక్కలు చేసి బల్ల మీద రాశారు. కిరణాల వల్ల పుట్టేది, కలిసి ఒకటయ్యే పని. మాట విరిస్తే అర్థం దానంతట అదే బయటపడింది. ఉసానిసినూరు కూడా అలాంటిదే. నూరు అంటే వెలుగు, హైదరాబాదులో అందరూ ఎరిగిన నూర్ అన్న మాటే. ఉసానిసి అంటే కూర్చడం. వెలుగుతో కూర్చడం. ఇంత చక్కటి మాట తయారు చేసుకుని, ఏడేళ్లు పిల్లలకు నేర్పించి, పద్నాలుగో ఏట హైస్కూలు గుమ్మం దగ్గర దాన్ని వదిలేసి లోపలికి రమ్మంటోంది ఆ దేశం. టాంజానియాలో ఎనిమిదేళ్లున్నాను. ఎన్నో చూశాను. ఇంతకన్నా పెద్ద దుబారా నాకు కనిపించలేదు.

ఒక మాట. మన పత్రికల్లో ఇప్పటికీ ‘ఆఫ్రికా దేశంలో’ అని రాస్తుంటారు. అది 54 దేశాలున్న ఖండం. ‘ఆఫ్రికాలో చదువు’ అని మాట్లాడటం, ‘ఆసియాలో చదువు’ అంటూ జపానునూ అఫ్గానిస్తాన్‌నూ ఒకే గాటన కట్టడం లాంటిది. అందుకే నేను నివసించిన దేశం గురించే ఎక్కువగా రాస్తున్నాను. మిగతావి పోలికకు అవసరమైనంత మేరకే.

నేనున్న రోజుల్లో టాంజానియాలో ప్రభుత్వ ప్రాథమిక విద్య ఏడేళ్లు. అంతా స్వాహిలీలో. ఇంగ్లీషు ఒక సబ్జెక్టు. ఏడో తరగతి చివర జాతీయ పరీక్ష, అదీ స్వాహిలీలోనే. గట్టెక్కినవాళ్లు ఫారం వన్‌లో చేరతారు. అక్కడ స్వాహిలీ ఒక సబ్జెక్టుగా మిగులుతుంది. గణితం, భౌతికశాస్త్రం, చరిత్ర, పౌరశాస్త్రం అన్నీ ఒక్కసారిగా ఇంగ్లీషులోకి మారిపోతాయి. మొదట్లో కొన్ని వారాలు ఇంగ్లీషు తర్ఫీదు ఇస్తారు. ఏడేళ్లలో రానిది కొన్ని వారాల్లో వస్తుందా?

కాపలాదారుకు జ్వరం వచ్చి మంచం పట్టిన రోజున ఆయన బదులు బడిలో తల్లిదండ్రుల సమావేశానికి నేను వెళ్లాను. గేటు పక్క గోడ మీద పెద్ద అక్షరాలతో, ఈ ఆవరణలో ఇంగ్లీషు మాత్రమే మాట్లాడాలని రాసి ఉంది. సమావేశం మొదలయ్యేదాకా ఒక తరగతి కిటికీ పక్క నిలబడ్డాను. డెబ్బై మందికి తక్కువ ఉండరు, బెంచీకి నలుగురు. కుర్ర మాస్టారు భూగోళం చెబుతున్నాడు. పుస్తకం చూసి ఇంగ్లీషులో ఒక వాక్యం చదువుతాడు, బల్ల మీద రాస్తాడు, పిల్లలు రాసుకుంటారు. నడుమ నడుమ ‘మ్నాఎలెవా?’ అంటాడు, అర్థమవుతోందా అని. ‘న్దియో మ్వాలిము’ అని డెబ్బై గొంతులూ ఒకేసారి అంటాయి, అవును మాస్టారూ అని. అలా పావుగంట గడిచింది. ఉన్నట్టుండి ఆయన తలుపువైపు ఒకసారి చూసి, సుద్దముక్క బల్ల మీద పెట్టి, గొంతు తగ్గించి స్వాహిలీలో మాట్లాడటం మొదలుపెట్టాడు. రెండు నిమిషాలు, మూడు నిమిషాలు. వర్షాలు ఎందుకు రెండు కాలాల్లో పడతాయో చెబుతున్నాడు. వెనక బెంచీ కుర్రాడు చెయ్యెత్తి ప్రశ్న వేశాడు. ఇంకొకడు వాడి మాటకు అడ్డం వచ్చాడు. మూడో పిల్ల ఇద్దరూ చెప్పింది తప్పంది. ఆ మూడు నిమిషాలు అది తరగతి గదిలా ఉంది. మళ్లీ సుద్దముక్క చేతిలోకి తీసుకుని ఆయన ఇంగ్లీషులోకి వెళ్లిపోయాడు. పిల్లలు తలలు వంచుకుని రాసుకోసాగారు.

ఆయన దొంగతనం చేస్తున్నవాడిలా తలుపువైపు చూసిన ఆ చూపు నన్ను చాలా రోజులు వదల్లేదు. తన పిల్లలకు అర్థమయ్యేలా పాఠం చెప్పడం ఒక ఉపాధ్యాయుడికి తప్పు పని ఎందుకు కావాలి?

ఈ పరిస్థితి ఎక్కడి నుంచి వచ్చిందో చూస్తే బాధ ఇంకా ఎక్కువవుతుంది. ఎందుకంటే స్వాహిలీని నిలబెట్టిన దేశం అదే. తొలి అధ్యక్షుడు జూలియస్ న్యెరెరే స్వయంగా ఉపాధ్యాయుడు. దార్ ఎస్ సలాం దగ్గరి పుగూలో పాఠాలు చెప్పాడు. జనం ఆయన్ను ఇప్పటికీ మ్వాలిము అనే అంటారు. షేక్‌స్పియర్ నాటకాలు రెండింటిని స్వాహిలీలోకి అనువదించాడు. 1967లో ఆయన ప్రభుత్వం ప్రాథమిక విద్యను పూర్తిగా స్వాహిలీలోకి మార్చింది. జాతీయ స్వాహిలీ మండలి ‘బకీటా’ను పెట్టింది. నూట ఇరవైకి పైగా భాషలున్న దేశంలో ఒకరి మాట ఒకరికి అర్థమయ్యేలా చేసిన ఘనత ఆ పనిది. 1970లలో ఊరూరా వయోజన విద్య నడిపి, చదవడం రాయడం వచ్చినవారి సంఖ్యను ఎంతో పెంచారు. ప్రాథమికం తరువాత ఉన్నత పాఠశాలల వంతు వస్తుందనే అందరూ అనుకున్నారు. 1982లో మక్వేటా కమిషన్ కూడా అదే చెప్పింది, 1985 నుంచి సెకండరీ చదువు స్వాహిలీలో మొదలుపెట్టమని. ప్రభుత్వం ఒప్పుకోలేదు. న్యెరెరేయే ఇంగ్లీషు ప్రపంచానికి స్వాహిలీ లాంటిదని, దాన్ని వదులుకోకూడదని వాదించాడు. ఆయన మీద నాకు ఎంతో గౌరవం. ఈ ఒక్క విషయంలో మాత్రం ఆయన పొరపడ్డాడని నా నమ్మకం. ఇంగ్లీషు నేర్చుకోవడం వేరు, ఇంగ్లీషులో నేర్చుకోవడం వేరు. ఆ తేడాను ఆయనలాంటి ఉపాధ్యాయుడు పట్టించుకోకపోవడమే నాకు వింత.

1984లో క్రిపర్, డాడ్ అనే ఇద్దరు బ్రిటిష్ నిపుణులు టాంజానియా బడుల్లో ఇంగ్లీషు స్థాయిని పరీక్షించారు. సెకండరీ చదువు ముగించే ఫారం ఫోర్ పిల్లల్లో సైతం, ఇంగ్లీషులో పాఠాలు మొదలుపెట్టదగిన స్థాయికి చేరినవారు పదిమందిలో ఒకరే ఉన్నారని తేల్చారు. అంటే చదువు అయిపోయే నాటికి, చదువు మొదలుపెట్టడానికి కావలసిన భాష ఒక్కరికి వస్తోంది. ఇంత చెప్పిన ఆ నివేదిక చివరికి ఇంగ్లీషు మాధ్యమాన్నే కొనసాగించమంది. దాని వెంటే బ్రిటన్ నిధులతో ఇంగ్లీషు బోధనను మెరుగుపరిచే పథకం వచ్చింది. రోగం సరిగా గుర్తుపట్టి, ఆ రోగానికి కారణమైనదాన్నే మందుగా రాసిచ్చారు. అది జరిగి నలభై ఏళ్లు దాటింది.

ఇక ఆ ఖండంలో విద్యాసంస్కరణ అనగానే ప్రపంచమంతా చెప్పుకునేది ఫీజుల రద్దు. అది నిజంగానే పెద్ద విషయం. 1980లలో అప్పుల ఊబిలో కూరుకున్న దేశాలు, అప్పిచ్చిన సంస్థల ఒత్తిడితో బడుల్లో ఫీజులు పెట్టాయి. పిల్లలు మానేశారు, ముందుగా ఆడపిల్లలు మానేశారు. తరువాత ఒక్కో దేశం వాటిని ఎత్తేసింది. 1994లో మలావి, 1997లో ఉగాండా, 2001లో టాంజానియా, 2003లో కెన్యా. ఉగాండాలో ఒక్క ఏడాదిలో ప్రాథమిక బడుల పిల్లలు 31 లక్షల నుంచి 53 లక్షలయ్యారు. టాంజానియాలో 2000లో 44 లక్షలున్నవాళ్లు 2005 నాటికి 75 లక్షలయ్యారు. కెన్యాలో కిమానీ మారుగే అనే ఆయన 84వ ఏట యూనిఫాం వేసుకుని ఒకటో తరగతిలో చేరాడు. బైబిలు తానే చదువుకోవాలని ఆయన కోరిక. ఆ గేట్లు తెరిచినవారికి దండం పెట్టాలి. 2016లో టాంజానియా ఫారం ఫోర్ వరకు ఫీజు తీసేసింది. 2017లో ఘనా సీనియర్ హైస్కూలు ఉచితం చేసింది. బిడ్డను కన్న అమ్మాయిలు మళ్లీ బడికి రావచ్చని 2021 నవంబరులో టాంజానియా ప్రకటించింది. కాపలాదారు కూతురు హైస్కూలు మొహం చూసిందంటే ఈ నిర్ణయాల వల్లే.

కానీ గేటు తెరిచి లోపలికి పిలిచినవాళ్లు లోపల ఏం జరుగుతోందో చూడాలి కదా. 2004 తరువాత టాంజానియా కత్తా అనే ప్రతి పరిపాలనా విభాగానికీ ఒక హైస్కూలు కట్టింది. ‘షూలే జా కత్తా’ అంటారు వాటిని. గోడలు లేచాయి. లక్షలమంది పల్లె పిల్లలు, ఇంగ్లీషు చెవిన పడే అవకాశమే లేని ఇళ్ల నుంచి వచ్చి ఆ బెంచీల మీద కూర్చున్నారు. 2012లో ఫారం ఫోర్ పరీక్ష రాసినవారిలో దాదాపు 60 శాతం మందికి ‘డివిజన్ జీరో’ వచ్చింది, అంటే ఏమీ రానట్టు లెక్క. దేశం అట్టుడికిపోయింది. ప్రధానమంత్రి విచారణ సంఘం వేశాడు. ఫలితాలను రద్దు చేసి, మార్కుల కొలతలు మార్చి, మళ్లీ ప్రకటించారు. కొలబద్ద మారింది. పిల్లలకు పాఠం చెప్పే భాష మారలేదు.

అన్నీ భాష వల్లే అంటున్నానని ఎవరైనా అనవచ్చు. అనను. మన దేశంలో ప్రథమ్ సంస్థ 2005లో మొదలుపెట్టిన ‘అసర్’ సర్వే చూసి, 2009లో తూర్పు ఆఫ్రికాలో ‘ఉవేజో’ పేరుతో ఇంటింటి సర్వే మొదలైంది. ఉవేజో అంటే సామర్థ్యం. మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి స్వాహిలీ కథ చదవగలిగినవారు పదిమందిలో ముగ్గురేనని తొలి సర్వేల్లో తేలింది. తెలిసిన భాషలో చెప్పినా తరగతికి నూరుమంది ఉంటే, పుస్తకం ఐదుగురికి ఒకటి ఉంటే చదువు రాదు. దానికి మందు ఉంది, టాంజానియా 2015లో వేసింది కూడా. ఒకటి, రెండు తరగతుల్లో ఎక్కువ సమయాన్ని ‘కేకేకే’కు కేటాయించింది. కుసోమా, కువాందికా, కుహెసాబు. చదవడం, రాయడం, లెక్కించడం. పక్కనే కెన్యాలో అదే ఏడు ‘తుసొమే’ అనే పథకం దేశమంతా మొదలైంది. చదువుకుందాం అని దాని అర్థం. ప్రతి పిల్లవాడికీ సొంత పుస్తకం, ప్రతి టీచరుకూ రోజువారీ పాఠం ఎలా చెప్పాలో చూపే మార్గదర్శి, నెలకోసారి తరగతిలో కూర్చుని సలహా చెప్పేవారు. ఆర్భాటం లేని పనులు. పిల్లలకు చదవడం వచ్చింది. అయితే ఆ ఉవేజో సర్వేలోనే ఇంకో అంకె ఉంది. ఇంగ్లీషు కథ చదవగలిగినవారు పదిమందిలో ఒక్కరు.

కెన్యాదే మరో అనుభవం నాకు మరీ గట్టిగా గుర్తుంది. 1990లలో పశ్చిమ కెన్యా బడుల్లో ఆర్థికవేత్తలు ఒక పరీక్ష చేశారు. వారిలో మైకేల్ క్రెమర్ తరువాత 2019లో నోబెల్ అందుకున్నాడు. కొన్ని బడులకు ప్రభుత్వ పాఠ్యపుస్తకాలు ఉచితంగా ఇచ్చారు, కొన్నింటికి ఇవ్వలేదు. పుస్తకాలిస్తే చదువు పెరుగుతుందని అందరి అంచనా. సగటు మార్కులు పెరగలేదు. అప్పటికే ముందున్న కొద్దిమంది మాత్రమే బాగుపడ్డారు. ఎందుకంటే పుస్తకాలు ఇంగ్లీషులో ఉన్నాయి. ఆ పల్లెల పిల్లలకు ఇంగ్లీషు మూడో భాష. పుస్తకం చేతిలో పెట్టారు గానీ అది వాళ్లకు తెరుచుకోలేదు.

ఇప్పుడు అసలు చిక్కుకు వస్తాను. దీన్ని దాటేసి మాతృభాష గొప్పదని ఉపన్యాసం ఇవ్వడం నాకు చేతకాదు.

నేను ఈ మాటలన్నీ కాపలాదారుతో అన్నప్పుడు ఆయన శ్రద్ధగా విన్నాడు. ఆయన నాతో ఎప్పుడూ నెమ్మదిగా, మర్యాదగా మాట్లాడేవాడు. ‘మామా, మంత్రిగారి పిల్లలు స్వాహిలీలో చదువుతున్నారా?’ అని అడిగాడు. మామా అంటే అక్కడ అమ్మా అని. చదవడం లేదు. డబ్బున్నవాళ్లంతా ఒకటో తరగతి నుంచే ఇంగ్లీషు మీడియంలో వేస్తారు. అక్కడా దాన్ని ఇంగ్లీషు మీడియం అనే అంటారు. ప్రభుత్వ బడులను ‘కయూంబా’ అని చిన్నచూపుతో పిలుస్తారు. ఆ మాటకొస్తే నా కొడుకు కూడా అక్కడ ఇంగ్లీషు బడిలోనే చదివాడు. ఇదే ప్రశ్న మన దగ్గర దళిత, బహుజన మేధావులు ఏళ్ల తరబడి అడుగుతున్నారు. మీ పిల్లలకు ఇంగ్లీషు, మా పిల్లలకు మాతృభాషా అని. 2019 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బడులన్నింటినీ ఇంగ్లీషు మీడియం చేయబోయినప్పుడు, 2020 ఏప్రిల్‌లో హైకోర్టు ఆ ఉత్తర్వులు కొట్టేసినప్పుడు ఈ వాదన ప్రతి టీవీలోనూ విన్నాం. ఆ ప్రశ్నలో ఉన్న గాయం నిజమైనది.

ఆఫ్రికాలో ఆ గాయం ఇంకా లోతైనది. దక్షిణాఫ్రికాలో వర్ణవివక్ష ప్రభుత్వం నల్లజాతి పిల్లలను మాతృభాషల్లో చదివించింది ప్రేమతో కాదు, వాళ్లను కూలిపనులకే పరిమితం చేయడానికి. తరువాత పాలకుల భాష అఫ్రికాన్స్‌ను నెత్తిన రుద్దబోతే 1976 జూన్ 16న సొవెటో పిల్లలు వీధుల్లోకి వచ్చారు, పోలీసులు కాల్చారు. ఆ రోజునే ఏటా ఆఫ్రికా బాలల దినంగా జరుపుతారు. మా వీధి బడిలో కూడా ఆ రోజు పిల్లలు పాటలు పాడేవారు. పాఠం ఏ భాషలో చెప్పాలన్న దాని మీద ప్రాణాలు పోయిన రోజది. అంత చరిత్ర ఉన్నచోట ‘మీ భాషలో చదువుకోండి’ అని పైనున్నవాడు చెబితే కిందున్నవాడు అనుమానించకుండా ఎలా ఉంటాడు?

ఆ అనుమానాన్ని నేను గౌరవిస్తాను. అయినా నా జవాబు ఇదే. ఫారం వన్‌లో ఆ పిల్లకు ఇస్తున్నది ఇంగ్లీషు కాదు, ఇంగ్లీషు పేరు. మంత్రిగారి పిల్లలకు వచ్చే ఇంగ్లీషు ఇంట్లో మాటల నుంచి, పుస్తకాల నుంచి, ఆ భాష ధారాళంగా వచ్చిన టీచర్ల నుంచి వస్తుంది. షూలే జా కత్తాలో డెబ్బై మంది ముందు నిలబడ్డ మాస్టారు కూడా అదే దారిలో, అదే అరకొర ఇంగ్లీషుతో చదివి వచ్చినవాడు. తన దగ్గర లేనిదాన్ని ఆయన ఎక్కణ్నుంచి తెచ్చిస్తాడు? ఇంగ్లీషు నేర్పాలనుకుంటే నేర్పండి. మంచి టీచర్లను పెట్టి, రోజుకు ఒక గంట ఎక్కువిచ్చి, సబ్జెక్టుగా గట్టిగా నేర్పండి. దానికోసం జీవశాస్త్రాన్ని, గణితాన్ని, చరిత్రను ఎందుకు బలి పెట్టాలి?

ఇది ఊహ కాదు, చేసి చూశారు. నైజీరియాలోని ఇలే-ఇఫేలో బాబ్స్ ఫఫున్వా అనే విద్యావేత్త 1970లో ఒక ప్రయోగం మొదలుపెట్టాడు. ఆరేళ్ల ప్రాథమిక చదువు మొత్తం యొరుబాలో, ఇంగ్లీషు మాత్రం దానికోసం తర్ఫీదు పొందిన టీచరు దగ్గర సబ్జెక్టుగా. ఇంగ్లీషులోకి ముందే మారిన పిల్లలతో పోలిస్తే యొరుబా పిల్లలు మిగతా సబ్జెక్టుల్లో ముందున్నారు, ఇంగ్లీషులోనూ వెనకబడలేదు. ఆయన తరువాత దేశానికి విద్యామంత్రి అయ్యాడు. నైజీరియా 2022లో ఆరేళ్ల మాతృభాషా బోధనను విధానంగా ప్రకటించింది, 2025 నవంబరులో రద్దు చేసింది. పుస్తకాలు అచ్చువేయకుండా, టీచర్లను తయారు చేయకుండా మూడేళ్లకే పనికిరాదని తేల్చడం నాకు అన్యాయంగా తోస్తుంది. ఇథియోపియా 1994 నుంచి చాలా ప్రాంతాల్లో పిల్లల సొంత భాషల్లోనే ప్రాథమిక చదువు నడుపుతోంది, కొన్నిచోట్ల ఎనిమిదో తరగతి దాకా. రువాండా దీనికి అటు కొస. 2008లో ఫ్రెంచి నుంచి ఇంగ్లీషుకు మారాలని నిర్ణయించి, మరుసటి ఏడే అమలుకు దిగింది. రాత్రికి రాత్రి టీచర్లే విద్యార్థులయ్యారు. చిన్న తరగతులను 2011లో ఆ దేశపు సొంత భాష కిన్యర్వాండాకు తెచ్చి, 2019 చివర మళ్లీ ఇంగ్లీషు అన్నారు. ఆ పదేళ్లలో బడిలో ఉన్న పిల్లల సంగతి తలుచుకుంటేనే నాకు బాధేస్తుంది.

స్వాహిలీ వాదనలో ఉన్న ఒక లొసుగును కూడా చెప్పాలి. సుకుమా రైతు బిడ్డకు, మాసాయి పశువుల కాపరి బిడ్డకు స్వాహిలీ కూడా బడిలో నేర్చుకునేదే. మనకు ఈ సంగతి బాగా తెలియాలి. నిజాం కాలంలో 1918లో ఏర్పడ్డ ఉస్మానియా విశ్వవిద్యాలయం వైద్యం, ఇంజనీరింగు సైతం ఉర్దూలో చెప్పింది. అనువాద విభాగం పెట్టి వందల పుస్తకాలు తయారు చేసింది. భారతీయ భాషలో పెద్ద చదువు సాధ్యమేనని లోకానికి చూపింది. కానీ తెలంగాణ పల్లె తెలుగు పిల్లవాడికి ఆ ఉర్దూ ఇంకో గోడ అయింది. ఈ రెండూ నిజాలే. అందుకే మొదటి రెండు మూడు తరగతుల్లో సుకుమా, మాసాయి మాటలకు కూడా బడిలో చోటుండాలని నేనంటాను. అయినా ఏడేళ్లలో స్వాహిలీ ఆ పిల్లలకు నోటి భాష అయిపోతుంది. వీధిలో, రేడియోలో, బస్సులో అదే. ఇంగ్లీషుకు ఆ వీధి లేదు.

మాటలు చాలవనే సాకు కూడా చెబుతారు. ఆంధ్రప్రదేశ్ 1968లో తెలుగు అకాడమీ పెట్టింది. పి.వి. నరసింహారావు దానికి తొలి అధ్యక్షుడు. ఇంటర్, డిగ్రీ పుస్తకాలు తెలుగులో వచ్చాయి, మా తరం వాటితోనే పట్టభద్రులమయ్యాం. ఆ పుస్తకాల్లో కొయ్యబారిన అనువాదాలున్నాయి, నాకు తెలుసు. అయినా వాటితో డాక్టర్లయినవాళ్లు, శాస్త్రవేత్తలయినవాళ్లు ఉన్నారు. దార్ ఎస్ సలాం విశ్వవిద్యాలయంలో స్వాహిలీ పరిశోధనా సంస్థ దశాబ్దాలుగా శాస్త్ర పదకోశాలు తయారు చేస్తోంది. మాటలు ఉన్నాయి, అలమారాల్లో ఉన్నాయి. వాటిని తరగతిలోకి రానిస్తే కదా నలిగి నున్నబడేది. ఒకేసారి మార్చడానికి భయమైతే మన రెండు రాష్ట్రాలూ ఇటీవల తెచ్చిన ద్విభాషా పుస్తకాలను చూడవచ్చు, ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు. మన దగ్గర మీడియం గొడవలో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు గానీ ఆ ఎదురెదురు పేజీలు మంచి ఆలోచన. కిటికీలోంచి నేను చూసిన కుర్ర మాస్టారు చేతిలో అలాంటి పుస్తకం ఉంటే తలుపువైపు చూడాల్సిన పని ఉండేది కాదు.

2015లో టాంజానియా కొత్త విద్యావిధానం అన్ని స్థాయుల్లోనూ స్వాహిలీలో చదువు చెప్పవచ్చంది. అప్పుడు మా వీధిలో టీచర్లు సంబరపడ్డారు. అది కాగితం మీదే ఉండిపోయింది. 2023లో సవరించిన విధానం ప్రైమరీని ఆరేళ్లకు కుదించి, పదేళ్ల చదువును తప్పనిసరి చేసి, సెకండరీకి మళ్లీ ఇంగ్లీషునే ఉంచింది. ఈ లోగా 2021లో న్యాయస్థానాల భాష స్వాహిలీ అయింది, 2022లో ఆఫ్రికా యూనియన్ స్వాహిలీని తన పని భాషల్లో చేర్చింది. ఖండాధినేతల సభలో చెల్లే భాష, కోర్టులో తీర్పుకు చాలిన భాష, పద్నాలుగేళ్ల పిల్లకు ఆకు గురించి చెప్పడానికి చాలదా?

మేము తిరిగి రావడానికి కొన్ని నెలల ముందు, ఒక నవంబరు సాయంత్రం, కాపలాదారు మెట్ల దగ్గర ఆపి సలహా అడిగాడు. చిన్న కొడుకు కయూంబాలో మూడో తరగతి ముగించాడు. ఇంగ్లీషు మీడియంలో వేయమంటారా అని. నేను నమ్మినదంతా చెప్పాను. ఏడు దాకా ఉన్నచోటే చదవనివ్వండి, ఆ ఫీజు డబ్బులో కొంత పెట్టి ఇంగ్లీషు ట్యూషను చెప్పించండి, రాత్రిపూట అక్క చేత స్వాహిలీ కథలు చదివించండి అన్నాను. ‘సావా, మామా’ అన్నాడు, సరేనమ్మా అని. మెట్ల కింద మా అబ్బాయి టై కట్టుకుని, బ్యాడ్మింటన్ బ్యాటుతో అప్పుడే బడి వ్యానులోంచి దిగుతున్నాడు. ఆయన అటు చూశాడు, నేనూ చూశాను.

జనవరిలో ఆయన ‘ఉపాతు’ ఎత్తాడు. మన చీటీ లాంటిదే, పదిమంది కలిసి నెలనెలా వేసుకుంటారు. ఆ డబ్బుతో పిల్లవాణ్ని ఇంగ్లీషు మీడియంలో చేర్చాడు. ఇంగ్లీషు రాదు కాబట్టి మళ్లీ రెండో తరగతిలోనే కూర్చోబెడతామన్నారట, ఒప్పుకున్నాడు. ఆయన చేసింది తప్పని నేను అనలేను. మొదటి రోజు పొద్దున పిల్లవాడు కొత్త బూట్లతో పసుపు రంగు బడి బస్సు ఎక్కాడు. వాళ్లక్క ఫారం టూకి వెళ్తూ నాకు ‘షికామూ’ చెప్పింది, ‘మరహబా’ అన్నాను. ఇంగ్లీషు నిఘంటువు చంకన పెట్టుకుని డలాడలా, అంటే మినీబస్సు, స్టాపువైపు నడిచింది. విద్యార్థులు సగం చార్జీ ఇస్తారని కండక్టర్లు వాళ్లను ఎక్కించుకోరు. రెండు డలాడలాలు ఆగకుండా వెళ్లిపోయాయి. మూడోది వచ్చేదాకా ఆ ఎండలోనే నిలబడి నిఘంటువు తెరిచి చదువుకుంది.